స్కాలర్‌షిప్‌తో చదివితే ఎవరికి లోబడి ఉండాలి?

ప్రశ్న: అయ్యా, మాది కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక పల్లె. మూడెకరాల మెట్ట ఉంది. వేరుశనగో పత్తో పెట్టుకుంటాము. వాన కలిసిరాని ఏడాది, అంటే దాదాపు ప్రతి ఏడాదీ, నేనూ నా భార్యా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతాము. మా పాప ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది, ఈఏపీసెట్ కూడా రాసింది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి మన పొలాల మీదనే పనిచేస్తానంటున్నది. మా బావమరిదేమో ఆరు లక్షలు అప్పు చేసి బెంగుళూరులో ఏదైనా కోర్సులో చేర్పిస్తే ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకే అప్పు తీరిపోతుందంటాడు. బడిలో సారు స్కాలర్‌షిప్‌లకు పెట్టుకోమన్నారు. మా నాయన దానికి ఒప్పుకోవడం లేదు. పరాయి సొమ్ముతో చదివితే పిల్ల జన్మంతా ఒకరికి లోబడి ఉండాలి, అప్పయితే తీర్చేసి తలెత్తుకు తిరగవచ్చు అంటున్నాడు. స్కాలర్‌షిప్‌తో చదువు మొత్తం గడుస్తుందా? అట్లా చదివినవాళ్ళు నిజంగా నలుగురికీ పనికివచ్చినారా? మాకు ఎనిమిదో తరగతి చదివే కొడుకు కూడా ఉన్నాడు.
— ఒక తండ్రి, ఆదోని ప్రాంతం

సమాధానం:

అయ్యా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ నాయనగారి మాట. పాతకాలపు పట్టుదల అని దానిని తోసివేయడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే ఒకరి సాయం పొంది ఆ తరువాత వారి గడప ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చిన కుటుంబాలను ఆయన తన వయసులో చూసే ఉంటారు. ఒకరికి లోబడి బ్రతకవలసి వస్తుందన్న ఆయన భయం సరైనదే. కాని అది స్కాలర్‌షిప్ కన్నా అప్పుకే ఎక్కువగా వర్తిస్తుందని నా అభిప్రాయం. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క చదివి వినిపించండి.

మీ బావమరిది చెప్పిన ఆరు లక్షలను ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాము. అసలులో ఒక్క రూపాయి తగ్గకుండానే నెలకు 12,000 రూపాయలు వడ్డీకి పోతుంది. మొత్తం సొమ్ము మొదటే తెచ్చి, నాలుగేళ్ళ చదువు ముగిసేవరకు వడ్డీ కట్టకుండా ఆపితే, చక్రవడ్డీ మాట అటుంచి బారువడ్డీ లెక్కనే 5,76,000 రూపాయలు పెరుగుతుంది. పాప చేతికి డిగ్రీ పట్టా వచ్చేనాటికి అప్పు దాదాపు రెండింతలై కూర్చుంటుంది. బ్యాంకు విద్యారుణం ఇంతకన్నా ఎంతో నయం, ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. అయినా 10.5 శాతం వడ్డీతో పదేళ్ళ వాయిదాలనుకుంటే ఆరు లక్షలకు నెలకు సుమారు 8,100 రూపాయలు కట్టవలసి ఉంటుంది. రెండేళ్ళలో తీరిపోతుందన్న మాట ఏ లెక్కన అన్నారో మీ బావమరిదిని ఒకసారి కాగితం మీద వేసి చూపించమనండి.

ఇప్పుడు పాప కోరిక సంగతి చూడండి. మన పొలాల మీద పనిచేయాలనుకునే అగ్రికల్చర్ పట్టభద్రురాలికి ఊరికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే ఉద్యోగం గ్రామ వ్యవసాయ సహాయకురాలిది. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు ఆ ఉద్యోగాల్లో చేరినవారికి తొలి రెండేళ్ళు నెలకు 15,000 రూపాయలు ఇచ్చారు. ఇంటికి 12,000 వడ్డీ కట్టవలసిన పిల్ల ఆ ఉద్యోగంలో చేరగలదా? పరిశోధన వైపు పోదామన్నా పీజీ, ఆ తరువాత పీహెచ్‌డీ అంటూ ఇంకో అయిదారేళ్ళు పెద్ద సంపాదన లేకుండా గడపాలి. వాయిదా తేదీ తరుముతున్నప్పుడు ఎంత తెలివైన పిల్ల అయినా ఎక్కువ జీతమిచ్చే ఊరికి, తనకు ఇష్టం ఉన్నా లేకున్నా, పోక తప్పదు. ప్రతిభ ఉన్న పిల్లలు సమాజానికి పనికివచ్చే వృత్తుల్లోకి రావడానికి స్కాలర్‌షిప్ చేసే అసలు మేలు ఇక్కడనే ఉన్నది. చదువు ముగిసిన మరునాడు నెత్తిన బాకీ లేనందువల్ల, జీతం తక్కువైనా తాను నమ్మిన పనిని ఎంచుకునే వీలు ఆ పిల్లకు మిగులుతుంది. ఈ వీలును నేను స్కాలర్‌షిప్‌లో వచ్చే రూపాయల కన్నా విలువైనదిగా లెక్కగడతాను.

పరాయి సొమ్ము అన్న మాటకు వద్దాము. ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనం ఏ ఒక్క ఆసామి జేబులోనుంచీ రాదు. మీరు ఎరువు బస్తా కొన్నా, మీ నాయన అగ్గిపెట్టె కొన్నా అందులో పన్ను ఉంటుంది. అందరి పన్నుతో నిండిన ఖజానా నుంచి మీ పిల్లకు కొంత వస్తున్నది. అందుకు ప్రతిగా అడిగేది హాజరూ, పాసు మార్కులూ మాత్రమే. ధర్మసంస్థలూ, కంపెనీలూ ఇచ్చే వాటిలో కొన్నిటికి మాత్రం షరతులుంటాయి, అక్కడ మీ నాయనగారి జాగ్రత్త అక్కరకు వస్తుంది. చదువయ్యాక ఎన్నేళ్ళు ఎక్కడ పనిచేయాలి, మానుకుంటే ఎంత తిరిగి కట్టాలి అన్న రెండు సంగతులూ రాతపూర్వకంగా చూడకుండా సంతకం పెట్టవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గరే ఉంచాలన్న సంస్థ ఎంత పెద్ద మొత్తం ఇస్తానన్నా వదులుకోండి. స్కాలర్‌షిప్ ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగే మధ్యవర్తి గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు.

షరతుల విషయంలో అంబేడ్కర్ జీవితంలోని ఒక ఘట్టం మీ నాయనగారికి చెప్పదగినది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు ఉపకారవేతనం మంజూరు చేసి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. చదువు ముగిశాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది ఒప్పందం. మాట ప్రకారం 1917లో ఆయన బరోడాకు వెళ్ళి ఉద్యోగంలో చేరారు కూడా. అంత చదువు చదివి వచ్చిన మనిషికి, కులం కారణంగా, ఆ ఊళ్ళో అద్దెకు ఇల్లు ఇచ్చినవారు లేరు. పేరు దాచుకుని దిగిన పార్శీ సత్రం నుంచి కూడా వెళ్ళగొట్టారు. ఆయన ఉద్యోగం వదలి బొంబాయికి తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం కాగితం మీద నెరవేరలేదు, అందుకు తప్పు ఎవరిదో చరిత్రకు తెలుసు. కాని ఆ మూడేళ్ళ డబ్బు ఈ దేశానికి ఏ రూపంలో తిరిగి వచ్చిందో మీ ఊరి సచివాలయం గోడ మీద ఉన్న పటాన్ని అడిగినా చెబుతుంది. ఇచ్చినవారు గీసిన గీత మీదనే నడవకపోయినా, పుచ్చుకున్నవారు సమాజానికి బాకీ పడకుండా ఉండగలరని ఈ ఉదాహరణను బట్టి నేను అనుకుంటాను.

ఇక మీ పాపకు ఏమేమి అందుబాటులో ఉన్నాయో చెబుతాను. ముందు ర్యాంకును బట్టి ప్రభుత్వ వ్యవసాయ విశ్వవిద్యాలయం కళాశాలలో సీటుకు ప్రయత్నించండి. మనకు దగ్గరలో మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉన్నది. రైతు బిడ్డలకు కోటా ఉన్నందున మీ పాసుపుస్తకమూ, పల్లెలో చదివినట్టు చూపే స్టడీ సర్టిఫికెట్లూ సిద్ధంగా పెట్టుకోండి. ప్రైవేటు కళాశాలైతే దానికి గుర్తింపు ఉన్నదో లేదో చూసుకోవాలి, సీటు కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్ ద్వారానే రావాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరిన పిల్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఈ ఒక్క సంగతి తెలియక, ఎట్లాగూ ప్రభుత్వమే కడుతుంది కదా అని చేరి మధ్యలో చదువు మానుకున్న పిల్లలను నేను చూశాను.

ఫీజు రీయింబర్స్‌మెంటుకు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. మూడెకరాల మెట్ట మీద ఆధారపడిన మీకు ఆదాయం అడ్డు రాదు. ఈ డబ్బు చెల్లించే పద్ధతి ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు కళాశాల ఖాతాలో పడేది, 2019 తరువాత కొన్నేళ్ళు తల్లి ఖాతాలో పడింది, ఇప్పుడు మళ్ళీ కళాశాలకే వెళుతున్నది. ఏ పద్ధతిలోనైనా ఆలస్యం మాత్రం తప్పలేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో కూడా స్కాలర్‌షిప్ డబ్బు పరీక్షలయ్యాక వచ్చేది. మెస్ బాకీ కట్టలేదని హాస్టల్ భోజనాల గది తలుపు దగ్గర నా పేరు రాసి అంటించిన కాగితం ఇప్పటికీ నాకు గుర్తుంది, ఆ వారం రోజులూ స్నేహితుడి పళ్ళెంలోనే తిన్నాను. అందువల్ల ఫీజు సంగతి ఎట్లా ఉన్నా, హాస్టల్ ఖర్చుకు, పుస్తకాలకు, రాకపోకలకు మొదటి సంవత్సరమే కొంత సొమ్ము చేతిలో ఉండేలా చూసుకోండి. మీరు అడిగినట్టు చదువు మొత్తం స్కాలర్‌షిప్‌తోనే గడుస్తుందని నేను మాట ఇవ్వలేను. ఫీజు భారం తప్పుతుంది, మిగిలిన ఖర్చులో లోటు ఉంటుంది. ఆ లోటుకు మాత్రమే బ్యాంకు నుంచి చిన్న మొత్తం తీసుకోవడంలో తప్పులేదు. ఆరు లక్షల అప్పుకూ, లక్షో లక్షన్నరో అప్పుకూ మధ్య తేడా పాపకు ఉద్యోగం ఎంచుకునే రోజున తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం ఇంటర్ మార్కుల ఆధారంగా ఇచ్చే ఉపకారవేతనం మరొకటి ఉన్నది. బోర్డు పరీక్షలో తమ విభాగంలో పైనున్న ఇరవై శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే వేస్తారు. ఇచ్చేవాటిలో సగం ఆడపిల్లలకు. అయితే ఇతర స్కాలర్‌షిప్ గాని, రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ గాని పొందుతున్నవారికి ఇది ఇవ్వరు. కనుక రెండింటిలో ఏది లాభమో ఫీజు చూసి తేల్చుకోండి. మీ విషయంలో చాలావరకు రీయింబర్స్‌మెంటే మేలవుతుంది. ఏడాదికి 80,000 రూపాయలిచ్చే ఇన్‌స్పైర్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది భౌతిక, రసాయన, జీవశాస్త్రాల వంటి మౌలిక విజ్ఞానాల్లో బీఎస్సీ చేసేవారి కోసం ఉద్దేశించినది, అగ్రికల్చర్ బీఎస్సీకి రాదు. ఒకవేళ పాపకు వ్యవసాయంలో సీటు రాక మామూలు బీఎస్సీలో వృక్షశాస్త్రమో సూక్ష్మజీవశాస్త్రమో తీసుకోవలసి వస్తే, బోర్డులో తొలి ఒక్క శాతంలో ఉన్నదేమో అప్పుడు చూసుకోవచ్చు. అఖిల భారత ప్రవేశ పరీక్ష ద్వారా వేరే రాష్ట్రంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరిన పిల్లలకు భారత వ్యవసాయ పరిశోధన మండలి నెలకు 3,000 రూపాయల ప్రతిభా వేతనం ఇస్తుంది. పాపను అంత దూరం పంపే ధైర్యం ఇంట్లో ఉంటేనే దాని గురించి ఆలోచించండి.

డిగ్రీ దాటితే దారి ఇంకా తేలికవుతుంది. పరిశోధనలో చేరి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు. ఇంటికి కూడా నాలుగు రూపాయలు పంపగలిగే మొత్తం అది. మీ పాపకు నిజంగా పొలం మీద మక్కువ ఉంటే అక్కడివరకు వెళ్ళనివ్వండి. ఈ ప్రాంతంలో చాలామందికి సేవ అంటే డాక్టరో కలెక్టరో గుర్తుకు వస్తారు. మీరు వేరుశనగ వేసేవారు కనుక కదిరి-6 విత్తనం పేరు మీకు తెలియకుండా ఉండదు. అది కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానంలో తయారైనది. నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ-47 శనగ మొక్క నిటారుగా ఎదుగుతుంది కాబట్టి యంత్రంతో కోయవచ్చు. నల్లరేగడి రైతుకు కోత కూలి ఎంత భారమో తెలిసినవారికి ఆ మార్పు విలువ ఏమిటో చెప్పనక్కరలేదు. ఈ విత్తనాల వెనుక ఏళ్ళ తరబడి మడుల మధ్య తిరిగిన శాస్త్రవేత్తలున్నారు. వారి పేర్లు మీకూ నాకూ తెలియవు, మన చేలల్లో మాత్రం వారి చదువు మొలకెత్తుతున్నది.

అట్లా చదివినవాళ్ళు నలుగురికీ పనికివచ్చారా అని అడిగారు. అందరూ వచ్చారని అంటే అబద్ధమవుతుంది. ప్రభుత్వ సొమ్ముతో చదివి, మళ్ళీ ఆ ఊరి వైపు తొంగి చూడనివారు కొల్లలు. కాని ఊరికి తిరిగి రావడమొక్కటే కొలత అనుకోవడం కూడా సరికాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చిన సాయంతో, మామగారు సమకూర్చిన డబ్బుతో అమెరికా వెళ్ళారు. ఆయన మళ్ళీ ఈ దేశానికి రాలేదు, 1948లో అక్కడే మరణించారు. ఆయన నాయకత్వంలో లెడర్లె ప్రయోగశాలలో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ మాత్రను బోదకాలు నివారణకు మన పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించారు. ఆయనను ఊరు విడిచినవాడని మనం అనగలమా? అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వంటి సంస్థల తోడ్పాటుతో చదువుకున్న పల్లె పిల్లలలో కొందరు మన కళ్ళ ముందే బడుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. మరికొందరు ఎక్కడెక్కడికో వెళ్ళారు. పాప ఏ దారిన పోతుందో ఇప్పుడే ఆమె చేత ప్రమాణం చేయించకండి. నలుగురికీ చేయాలి అన్న మాటను పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన మోపితే అది కూడా ఒక రకమైన అప్పే అవుతుంది.

కొడుకు సంగతి ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే అతని అవకాశం ఈ ఒక్క ఏడాదే. జిల్లాపరిషత్, ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే పరీక్ష ఉన్నది. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకపోతే రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో అయిదు శాతం సడలింపు ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000, మొత్తం 48,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు హెడ్మాస్టరు ద్వారా పోవాలి కాబట్టి ఆయనను వెంటనే కలవండి. ఒక హెచ్చరిక: పదో తరగతి తరువాత ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేర్పిస్తే ఈ స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పదిలో 60 శాతం మార్కులు రాకపోయినా ఆగిపోతుంది.

చివరగా కాగితాల విషయం. స్కాలర్‌షిప్‌లు పోయేది ఎక్కువగా ప్రతిభ లేక కాదు, పదో తరగతి మార్కుల మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉండటం వల్ల, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోవడం వల్ల, రెండో ఏడాది రెన్యువల్ చేయడం మరిచిపోవడం వల్ల. వీటిని ఇప్పుడే సరిచూసుకోండి, ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చిపెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైనది మీవంటి కుటుంబాల్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. పాప ఆధార్‌కు సాధారణంగా తండ్రి ఫోన్ నంబరే ఇచ్చి ఉంటారు. మీరేమో ఆ సమయానికి గుంటూరు జిల్లాలో మిరప చేనులో ఉంటారు, ఓటీపీ మీ ఫోనుకు వస్తుంది, మీరు చూసుకునేలోపు గడువు దాటిపోతుంది, ఇక్కడ పిల్ల మీసేవ కేంద్రం బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ఈసారి సుగ్గికి బయలుదేరే ముందే ఆధార్ కేంద్రానికి వెళ్ళి పిల్లలిద్దరి ఆధార్‌కూ, బ్యాంకు ఖాతాకూ పాప దగ్గర ఉండే నంబరును ఎక్కించి వెళ్ళండి.